తివాచీకి నప్పిన వైరు

పెత్రోలాకా ఊళ్లో వాయోస్ గొంతు ఎంత గొప్పదో అందరికంటే బాగా తెలిసినవాడు వాయోసే. పునీత పరస్కేవి గుడిలో అతను కుడి గాయకుడు. ఎడమవైపు కూడా పాటగాళ్ల పీఠం ఒకటుంది. దాని దగ్గర మంగలి స్టెర్గియోస్ నిలబడి బదులు పాడేవాడు. వాయోస్ లెక్కలో మాత్రం ఎడమ పీఠమంటే, తాను ఊపిరి పీల్చుకునే కాసేపు గుడి బోసిపోకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు. ఒకరి పిల్లలకు ఒకరు జ్ఞానస్నానం చేయించిన వరస గనక ఇద్దరూ బావా బావా అని పిలుచుకునేవారు. తీపంతా ఆ పిలుపులోనే అయిపోయేది.

ఆ ఏడు జులైలో పునీతురాలి పండగకి బిషప్ గారు స్వయంగా వస్తున్నారని ఊరి ఫాదరు పాపా లాంబ్రోస్ కబురు చెప్పారు. ఊరికే రావటం కాదు. ప్రార్థన ముగిసే ముందు అందరి ఎదుటా వాయోస్‌ని ముందుకు పిలిచి, తలమీద చెయ్యి ఎత్తి, ప్రధాన గాయకుడన్న బిరుదు ఇస్తారు. అప్పుడు జనమంతా 'ఆక్సియోస్' అని మూడుసార్లు అరవాలి. అర్హుడే అని దానర్థం. ఈ అరుపు కోసం వాయోస్ ఎన్నేళ్లుగా కాచుకుని ఉన్నాడో అతని భార్య హైదోకి తెలుసు. కబురు విన్న మర్నాటి నుంచీ అతను అద్దం ముందు నిలబడి వినయంగా తలవంచటం సాధన చేస్తున్నాడు. మొదట్లో వినయం సరిగ్గా కుదరక మెడ పట్టేసింది. హైదో నూనె రాసింది.

ఇది పగటి వాయోస్ సంగతి. పొద్దుగూకాక అతనికి ఇంకో గొంతు వచ్చేది. ఇంటి వెనక పొగాకు దాచే కొట్టు ఉంది. అందులో ఎండుటాకుల కట్టల వెనక, తన చేతులతో తానే కట్టుకున్న రేడియో స్టేషను ఉంది. దానికి లైసెన్సు లేదు. ఆ చుట్టుపక్కల మైదానపు ఊళ్లలో ఆ రోజుల్లో ఎవరికీ లేదు. ఊరికి ఇద్దరు ముగ్గురు అలా గాలిలోకి పాటలు వదిలేవాళ్లు. పోలీసులు అప్పుడప్పుడు వచ్చి ఒక పెట్టె పట్టుకుపోయేవాళ్లు, వీళ్లు ఇంకో పెట్టె కట్టుకునేవాళ్లు. వాయోస్ పెట్టె మాత్రం ఎవరికీ దొరకలేదు. పెరట్లో ద్రాక్షపందిరి పొడుగునా సాగిన ఏరియల్ తీగని చూసినవాళ్లు అది ద్రాక్ష కోసమే అనుకునేవారు. ద్రాక్ష కూడా అలాగే అనుకుని బాగా కాసేది.

గాలిలో అతని పేరు అడవి పావురం. క్లారినెట్టు ఏడుపుతో మొదలుపెట్టి, గొంతు బాగా తగ్గించి, ఫార్సాలా దారిలో నీలికళ్లావిడకి నిద్రపట్టని ఒకడి నుంచి ఈ పాట అనేవాడు. ఆ దారిలో ఇళ్లున్న ఆడవాళ్లందరూ ఆ పూట అద్దం చూసుకునేవారు. నల్లకళ్ల వాళ్లు కూడా. అతను అలా పాటలివ్వని ఊరు ఆ చుట్టుపక్కల లేదు. హైదోకి మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. పేరు చెబితే దొరికిపోతామని అనేవాడు. పేరు లేకుండానే ఇవ్వవచ్చు కదా అని ఆమె ఓసారి అడిగింది. పేరు లేకుండా ఇస్తే అది నీకేనని నీకెలా తెలుస్తుందని అతను నవ్వాడు. ఆమె మళ్లీ అడగలేదు.

ఈ సంగతి బయటపడితే కుడి పీఠం పోతుంది. పొద్దున్నే దేవుణ్ణి పొగిడే నోటితో పొద్దుగూకాక సారాకొట్టు పాటలు పలికించేవాణ్ణి ఏ బిషపూ నిలబెట్టడు. ఊళ్లో అనుమానం ఉన్నది ఒక్క స్టెర్గియోస్‌కే. ఓసారి వాయోస్‌కి గొంతు పట్టేసి గుడికి రాకపోతే, ఆ వారమంతా గాలిలో పావురం కూడా దగ్గింది. స్టెర్గియోస్ గడ్డాలు గీస్తూ ఈ మాట ఒకరిద్దరి చెవిన వేశాడు. మెడమీద కత్తి ఉండగా కాదన్నవాడు లేడు.

అందుకని వాయోస్ ఒక ఉపాయం పన్నాడు. ఆదివారం తాను గుడిలో పాడుతున్నంతసేపూ కొట్లోంచి పావురం కూడా కూయాలి. ముందే టేపు మీద పాటలూ మాటలూ ఎక్కించి పెట్టేవాడు. వేళకి పెట్టె వేడెక్కించి టేపు నడిపించే పని హైదోది. గుడి ఎదుటి కాఫీకొట్లో కూర్చునే మగవాళ్లు ఒక చెవితో వాయోస్‌నీ ఇంకో చెవితో పావురాన్నీ విని, స్టెర్గియోస్‌ని చూసి నవ్వేవారు. హైదో గుడికి ఎందుకు రాదంటే మోకాళ్ల నొప్పులని ఊరికి చెప్పారు. ఆ మోకాళ్లతోనే ఆమె నిచ్చెనెక్కి గోడలకి సున్నం వెయ్యటం అందరూ చూశారు. కుడి గాయకుడి పెళ్లాం గుడి గడప తొక్కదు, దైవభక్తి లేని మనిషి అని ముందు ఫాదరు గారి అత్తగారు, ఆమె వెనక ఆడవాళ్లందరూ తేల్చేశారు. అక్కడి ఫాదర్లు పెళ్లి చేసుకునేవాళ్లే. ఆమె బజారుకి వెళితే మాటలు ఆగిపోయేవి. వాయోస్ ఆ మాటలు విని, అపవాదు నిలకడగా ఉంది, మంచిదే అన్నాడు.

ఇంతలో గుడి మైకు పాడైంది. పాత వైరు ఎప్పుడో ఒక మిలిటరీ మనిషి వేసిన బూడిదరంగుది, ఎలుకలు కొరికాయి. ఈస్టరునాడు ప్రభువు లేచెను అని ఎత్తుకోగానే అది చచ్చిపోయింది. బిషప్ గారు వస్తున్నారు గనక కొత్త మైకులూ కొత్త స్పీకర్లూ కొన్నారు. పీఠాల దగ్గరి మైకుల నుంచి గుమ్మం పక్కన కొవ్వొత్తుల బల్లకింద పెట్టిన ఆంప్లిఫయరు దాకా, గుడి పొడుగునా వైరు లాగాలి. అది కొనటానికి ముగ్గురు లారిసా పట్నం వెళ్లారు. పాపా లాంబ్రోస్, వాయోస్, గుడి కోశాధికారి అఖిలెయాస్. కోశాధికారికి పరదా గుడ్డల కొట్టు ఉంది. ఏ వస్తువునైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి దాని జాతకం చెప్పగలనని అతని నమ్మకం.

షాపులో వైర్లు పెద్ద పెద్ద చుట్టలుగా ఉన్నాయి. యజమానురాలు విసుగు మనిషి. ఆమె లావుపాటి బూడిదరంగు వైరు ఒకటి బల్లమీద పడేసింది. అఖిలెయాస్ దాన్ని నలిపాడు, వాసన చూశాడు, మొరటు సరుకన్నాడు. తర్వాత జేబులోంచి తివాచీ ముక్క ఒకటి తీశాడు. బిషప్ గారి ఆసనం కింద పరిచే తివాచీ మూల నుంచి కత్తిరించి తెచ్చాడు. దాన్ని ఒక్కొక్క చుట్ట పక్కనా పెట్టి చూస్తూ పోయి, రెండు పోగులు అంటుకుని ఉన్న పల్చటి ఎర్ర వైరు దగ్గర ఆగిపోయాడు. ముదురు ద్రాక్షసారా రంగు. ముక్క పెడితే ఎక్కడ తివాచీ ఆగిందో ఎక్కడ వైరు మొదలైందో తెలియలేదు. పునీత పరస్కేవి చూపునిచ్చే తల్లి గనక ఆమె భక్తులు దేన్నైనా కళ్లతోనే ఎంచుతారు. అతని కళ్లు చెమర్చాయి.

"మైకుకి ఆ బూడిదదే వెయ్యాలండీ," అంది యజమానురాలు. "లోపలి తీగ చుట్టూ రాగి అల్లిక ఉంటుంది. బయటి గోల లోపలికి రాకుండా అదే ఆపుతుంది. ఆ ఎర్రది స్పీకర్లకి వేసేది. అంత పొడుగు మైకుకి వేశారంటే చుట్టుపక్కల రేడియోలన్నీ వచ్చి మీ గుళ్లో కూర్చుంటాయి."

"అది బిషప్పులొచ్చి ప్రతిష్ఠ చేసిన గుడమ్మా," అన్నాడు అఖిలెయాస్. "దయ్యాలే రావు. రేడియో ఎలా వస్తుంది?"

పాపా లాంబ్రోస్ గడ్డం నిమురుకున్నారు. ఆ మాటలో దోషం ఉన్నట్టు తోచింది గాని, కాదంటే ప్రతిష్ఠని శంకించినట్టవుతుంది. ఊరుకున్నారు.

ఆమె చెప్పినది అక్షరాలా నిజమని వాయోస్‌కి తెలుసు. ఆమెకంటే బాగా తెలుసు. అతని ఇల్లు గుడి వెనక గోడకి ఆనుకునే ఉంది. పందిరి మీది తీగకీ గుడిలో వైరుకీ మధ్య ఉన్నది ఆ ఒక్క గోడ. అయితే ఊళ్లో అతను వేసుకున్న వేషం పాటలు తప్ప ఏమీ తెలియనివాడిది. అల్లిక గురించి ఒక్క ముక్క మాట్లాడినా, నీకెలా తెలుసని అడుగుతారు. అందుకని తెలిసిన కారణం మింగేసి, తెలియని కారణాలు వెతుక్కున్నాడు. బూడిదరంగు వినయానికి గుర్తన్నాడు. సన్యాసులు బూడిద మీద పడుకునేవారన్నాడు. ఎరుపు చూస్తే భక్తుల మనసు చెదురుతుందన్నాడు. చావింటికి వెళ్తున్నామా, బిషప్ గారొస్తున్నారా అని అఖిలెయాస్ అడిగాడు.

ఈ గొడవలో వాయోస్ వేళ్లు తమ పని తాము చేసుకుపోతున్నాయి. బూడిద వైరు కొసని గోటితో చీల్చి, రాగి అల్లికని విడదీసి, పురిపెట్టి, నీటుగా ఒక పక్కకి వంచేశాయి. యజమానురాలు అది చూసింది. ఈ పనిలోనే ఉన్నారా అని అడిగింది. వాయోస్ ఆ కొసని నిప్పు తగిలినట్టు వదిలేశాడు.

"నేనా? ఇంట్లో బల్బు మార్చాలన్నా మా ఆవిడే మార్చాలండీ."

ఎర్ర వైరే కొన్నారు. దానికి బంగారు పూత పూసిన పిన్నులు కూడా కొన్నారు, బిషప్ గారి చేతికర్రకి బంగారు పిడి ఉంటుంది గనక. అఖిలెయాస్ తిరుగు బస్సులో ఆ చుట్టని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

వాయోస్ అంతటితో ఊరుకోలేదు. రెండు రోజుల తర్వాత పాపా లాంబ్రోస్ దగ్గరికి వెళ్లి, పునీతురాలు తన కలలోకి వచ్చిందన్నాడు. ఏం చెప్పిందని ఆయన అడిగారు. ఏమీ చెప్పలేదు, బూడిదరంగు బట్టలు కట్టుకుని విచారంగా నిలబడిందన్నాడు వాయోస్. ఫాదరు ఆలోచించి, పునీతురాలు కనబడటం చిన్న విషయం కాదు, బిషప్ గారి ఎదుట ప్రమాణం చేసి చెప్పాలి, ఆయన రాయించుకుని పై వాళ్లకి పంపుతారు అన్నారు. వాయోస్ ముఖం చిన్నబోయింది. ఆ రాత్రి జున్ను ఎక్కువ తిన్న మాట కూడా నిజమేనని ఒప్పుకుని ఇంటికొచ్చాడు.

ఇంటికొచ్చి నిప్పులు కక్కాడు. ఇంట్లో మాత్రం తెలిసినవాడిలా మాట్లాడవచ్చు కదా. హైదో టమాటాల్లో అన్నం కూరుతూ విన్నది. రాగి అల్లిక ఎందుకుంటుందో, అది లేని వైరు ఏం చేస్తుందో, ఒక పరదాల వర్తకుడి చేతిలో గుడి ఎలా నాశనమైపోయిందో, అన్నీ విన్నది.

"అంటే మన కొట్లో ఏదన్నా వేస్తే గుళ్లో వినిపిస్తుందా?"

"వెయ్యటం దాకా ఎందుకు? గుసగుసలాడినా వినిపిస్తుంది."

"అయితే పండగనాడు టేపు లేనట్టే."

"టేపా? ఆ రోజు కొట్టు తలుపు కూడా తియ్యకు."

హైదో చేతిలో టమాటా పక్కన పెట్టింది. అలాగైతే ఆ ఒక్కరోజు తను గుడికి వస్తానంది. నీలం గౌను కుట్టించుకుని పెట్టెలో పెట్టి చాలా కాలమైంది. బిషప్ గారి చేతి నుంచి దీవించిన రొట్టె తీసుకోవాలని ఉంది. అంతమందిలో అతని పేరు చదువుతుంటే వినాలని ఉంది. ఇవన్నీ మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది.

వాయోస్‌కి ఇది నిజంగానే ఆశ్చర్యం. బిషప్ గారి మధ్యాహ్న భోజనం తమ ఇంట్లోనని తనే గదా పట్టుబట్టి ఒప్పించుకొచ్చాడు. పొయ్యిలో మాంసం ఎవరు చూస్తారు? పైగా స్టెర్గియోస్ ఒకడున్నాడు. ఇన్నేళ్లు గుడి మొహం చూడని హైదో ఆ రోజు గుడిలో కనబడి, సరిగ్గా ఆ పూటే పావురం నోరు మూసుకుంటే, వాడికి లెక్క కుదిరిపోతుంది. బిరుదు చేతిదాకా వచ్చి జారిపోతుంది.

"ఈసారికి ఉండిపో. ఇంకెప్పుడన్నా వద్దువుగాని."

"ఎప్పుడు?"

"అదేదో చూద్దాంలే," అన్నాడు వాయోస్, కొంచెం చికాగ్గా.

ఆమె మళ్లీ టమాటా అందుకుంది. వాయోస్ ఆ మౌనాన్ని ఒప్పుకోలు కింద జమకట్టాడు. మాంసం పైతోలు కరకరలాడాలనీ, బిషప్ గారికి నిమ్మకాయ ఎక్కువ ఇష్టమనీ చెప్పి, అద్దం దగ్గరికి వెళ్లాడు.

పండగ ముందురోజు సాయంకాలం ప్రార్థనకి ఎర్ర వైరు మొదటిసారి పని చేసింది. కొట్టు మూసి ఉంది గనక గొంతు అద్దంలా వచ్చింది. జనం మెచ్చుకున్నారు. అఖిలెయాస్ కొవ్వొత్తుల బల్ల వెనక నిలబడి, ఎంపిక తనదని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. రేడియోలొస్తాయని బెదిరించి మొరటు సరుకు అంటగట్టాలని చూసిందట ఆ లారిసా మనిషి. వాయోస్‌ని చూసి, ఏం వాయోస్, బూడిద కావాలా అన్నాడు. వాయోస్ పళ్లు నూరుకుంటూ నవ్వాడు.

మర్నాడు గుడి కిక్కిరిసిపోయింది. బిషప్ గారు తివాచీ మీది ఆసనంలో కూర్చున్నారు. ఆయన పాదాల పక్కనుంచి ఎర్ర వైరు పాకిపోతూ నిజంగానే కనబడలేదు. ముందు వరసలో పోలీసు సార్జెంటు ఉతికిన బట్టల్లో నిలబడ్డాడు. వాయోస్ పాడాడు. మామూలుగా లాగేదానికి రెట్టింపు లాగాడు. ఒక్కో అక్షరాన్ని కొండ ఎక్కించి, అక్కడ కాసేపు గాలి పోసుకోనిచ్చి, మెల్లగా దింపుకొచ్చాడు. ఎడమ పీఠం దగ్గర స్టెర్గియోస్ తన వంతు కోసం నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. బిషప్ గారు ఓసారి కళ్లు మూసుకుని తలాడించారు. వాయోస్ అది చూశాడు. అతని ఒళ్లు తేలిపోయింది.

ముగింపుకి ముందు బిషప్ గారు లేచారు. కాగితం చేతికి తీసుకున్నారు. వాయోస్‌ని పేరు పెట్టి పిలిచారు. వాయోస్ ముందుకొచ్చి తలవంచాడు. ఎంత సాధన చేశాడో అంత అందంగా వంచాడు. బిషప్ గారి చెయ్యి పైకి లేచింది. ఊరంతా ఊపిరి బిగబట్టి అరవటానికి సిద్ధంగా ఉంది.

అప్పుడు స్పీకర్లలో చిటపటమంది. దాని వెనకే క్లారినెట్టు ఏడ్చింది.

ఆ ఏడుపు గుడిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. రోజూ పొద్దుగూకాక వినేదే. నలుగురైదుగురు ఆడవాళ్లు అలవాటు కొద్దీ జుట్టు సవరించుకున్నారు. వాయోస్ వంచిన తల ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో తెలియలేదు.

"హలో," అంది ఒక ఆడగొంతు. "ఇది అడవి పావురం. అంటే, పావురం గారు ఇవాళ ఇంట్లో లేరు. గుళ్లో బిషప్ గారి ముందు నిలబడి ఉంటారు. నేను వాళ్లావిణ్ణి, హైదోని."

అఖిలెయాస్ పరుగున వెళ్లి ఆంప్లిఫయరు మరని తిప్పాడు. కంగారులో అటు తిప్పాల్సినది ఇటు తిప్పాడు. హైదో గొంతు గుడి కప్పుదాకా లేచింది.

"నాకు మోకాళ్ల నొప్పుల్లేవండీ. ఎప్పుడూ లేవు. ఆదివారం ఆదివారం ఈ టేపు వెయ్యటానికే ఇంట్లో ఉండిపోయాను. దేవుడంటే భక్తి లేక కాదు. అది మీ అందరికీ చెప్పాలనిపించింది. బిషప్ గారూ, మాంసం పొయ్యిలో ఉంది, నిమ్మకాయ బాగానే పిండాను. వేళకి రండి. ఇప్పుడొక పాట వేస్తున్నా. ఇది హైదోకి, హైదో నుంచి. ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు, అందుకని నేనే ఇచ్చుకుంటున్నా."

పాట మొదలైంది. పెళ్లిళ్లలో ఆడవాళ్లు చేతులు పట్టుకుని తిరిగే పాత పాట. దాన్ని ఆపటానికి ఎవరికీ చెయ్యి రాలేదు. సార్జెంటు గుడి కప్పు మీది పునీతుల బొమ్మలని మొదటిసారి చూస్తున్నవాడిలా చూస్తున్నాడు. స్టెర్గియోస్ మొహం వెలిగిపోతోంది. ఆ పూట అతనికి పాడే వంతు రాకపోయినా ఫరవాలేదు.

పాట అయ్యేదాకా బిషప్ గారు అలాగే నిలబడ్డారు. తర్వాత చెయ్యి దించి వాయోస్‌ని అడిగారు.

"ఆవిడ గుడికి రాకుండా ఇన్నేళ్లూ ఆపింది నువ్వేనా?"

"అవునండీ," అన్నాడు వాయోస్.

నోరు దాటి వచ్చిందో లేదో అన్నంత చిన్నగా అన్నాడు. కాని పక్కనే మైకు ఉంది. ఎర్ర వైరు ఆ మాటని గుడి పొడుగునా మోసుకుపోయి, కొవ్వొత్తుల బల్ల దగ్గర నిలబడ్డవాళ్లకి కూడా అందించింది.

ఆడవాళ్ల వైపునుంచి ఒక ముసలి గొంతు 'ఆక్సియా' అంది. అర్హురాలే అని. హైదోకి భక్తి లేదని అందరికంటే ముందు తేల్చిన ఫాదరు గారి అత్తగారి గొంతు అది. రెండోసారికి ఇంకో పదిమంది కలిశారు. మూడోసారి ఊరంతా అరిచింది. వాయోస్ ఎదురుచూసిన అరుపు అతను కోరుకున్నంత గట్టిగానే వచ్చింది, కాని అతని నెత్తిమీదుగా పోయి గోడ అవతల ఉన్న మనిషికి చేరింది. బిషప్ గారు కాగితాన్ని మడిచి అంగీ లోపల పెట్టుకున్నారు.

అయినా భోజనానికి వచ్చారు. దీవించిన రొట్టెముక్కని రుమాల్లో చుట్టి తన చేత్తోనే తెచ్చి, గుమ్మంలో నీలం గౌను వేసుకుని నిలబడ్డ హైదో చేతిలో పెట్టారు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత మాంసం వడ్డించింది. పైతోలు కరకరలాడింది. ఆయన భోజనమంతా ఆమెతోనే మాట్లాడారు, వాయోస్ బంగాళాదుంపల పళ్లెం అందిస్తూ కూర్చున్నాడు. పెట్టె పట్టుకుపోవటానికి రేపు పొద్దున వస్తానని సార్జెంటు మర్యాదగానే చెప్పాడు. రేపన్నాను గనక ఇవాళ సాయంకాలం ఖాళీయే కదా, మా ఆవిడకి ఏదన్నా ఒక పాట, అని గొంతు తగ్గించి అడిగి వెళ్లాడు. అఖిలెయాస్ అప్పటికే కాఫీకొట్లో కూర్చుని, దాచిపెట్టిన నిజాన్ని బయటికి లాగిన వైరు జిల్లాలో ఇంకోటి చూపించండని సవాలు చేస్తున్నాడు.

అందరూ వెళ్లాక వాయోస్ ద్రాక్షపందిరి కింద కూర్చుని పైన తీగని చూస్తున్నాడు. తిట్టాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. హైదో పళ్లేలు కడిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. గౌను ఇంకా మార్చుకోలేదు.

"నేను లోపలున్నాను కదా, తెలియలేదు," అంది. "నా గొంతు బాగా వచ్చిందా?"

బిరుదు పోయింది, పీఠం రేపో మాపో పోతుంది, పెట్టె పొద్దున్నే పోతుంది. కాని గొంతు సంగతి అడిగితే అబద్ధం చెప్పటం వాయోస్‌కి చేతకాదు.

"ఒక్క మాట పోలేదు," అన్నాడు.